పాలలోని వేడి

నేను అక్షరాలు దిద్దింది నలభై ఎనిమిదో ఏట, వయోజనుల బడిలో. ఒత్తులు, దీర్ఘాలు తప్పుగా పడి ఉంటే చదివేవాళ్ళు మన్నించాలి. చెయ్యి నెమ్మది కాబట్టి ఈ నాలుగు కాగితాలకు వేసవి అంతా పట్టింది. ఇది నా కథే. కానీ ‘నేను’ అని రాయబోతే కలం ఆగిపోతోంది. అందుకని ఓబులమ్మ అనే ఒక ఆమె కథలా చెబుతాను.

బెళుగుప్ప దాటాక తారు రోడ్డు పక్కన పాలు చల్లబరిచే కేంద్రం ఒకటి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పాలు సాయంత్రానికి అక్కడికి చేరేవి. వాటిని పెద్ద తొట్టిలో పోసి, మిషన్‌తో చల్లబరిచి ఉంచితే, పొద్దున లారీ వచ్చి పట్టుకుపోయేది. అక్కడ కాపలా మనిషి వీరప్ప. ఆయన కామెర్లతో పోయాక భార్య ఓబులమ్మకు క్యాన్లు కడిగే పని ఇచ్చి, వెనక ఉన్న గదిలోనే ఉండమన్నారు. పిల్లలు లేరు. ఊరు అక్కడికి అర మైలు. సాయంత్రం పాలవాళ్ళు వెళ్ళిపోతే మర్నాడు లారీ వచ్చేదాకా మనిషి మాట వినబడదు. ఒక్కోసారి తన గొంతు తనకే అనుమానమై, ఖాళీ క్యానులో మొహం పెట్టి పిలిచేది. మొగుణ్ణి బతికుండగా ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు కాబట్టి ‘ఏమప్పా’ అనేది. క్యాను ‘అప్పా’ అనేది. అంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి.

ఎనభై నాలుగులో మిషన్ బాగు చేయడానికి అనంతపురం నుంచి ఆంజినప్ప అనే మెకానిక్ వచ్చాడు. క్యాన్లు కడిగే నీళ్ళు కాచడానికి ఓబులమ్మ శెనక్కాయ కట్టె పెట్టి పొగలో దగ్గుతోంది. వానలు లేక ఆ కట్టె కూడా కరువైపోయిన కాలం. అతను కాసేపు చూసి నవ్వాడు.

“ఎందుకమ్మా ఈ అగసాట్లు? పాలల్లో ఉండే వేడి యాడికీ పోదు. ఈ మిషన్ దాన్ని లాగి బయట గాలిలో కక్కుతాంది. ఆ కక్కేది నీళ్ళల్లో కక్కిస్తే సరిపాయె.”

రెండు రోజులు ఉండి అన్నంత పనీ చేశాడు. మిషన్ నుంచి వేడిగా వచ్చే రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి, నిలువు డ్రమ్ములోకి దించాడు. డ్రమ్ముకు పైన రేకు తొడిగి, మధ్య సందు నిండా శెనక్కాయ పొట్టు కూరాడు. పొట్టు కప్పుకున్న నీళ్ళు రెండు మూడు రోజులైనా పూర్తిగా చల్లారవని చెప్పాడు. చన్నీళ్ళు కిందికి పోయే గొట్టం వేరు, వేడినీళ్ళు వచ్చే కొళాయి పైన. చన్నీళ్ళు గబుక్కున కుమ్మరిస్తే అంతా కలిసి గోరువెచ్చన అవుతుంది, నింపాదిగా పోస్తే అడుగునే ఉండి వేడిని పైకి నెడతాయి అని ఆమె చేత పోయించి నేర్పాడు.

వారం తిరక్కుండా ఊరి ఆడవాళ్ళకు సంగతి తెలిసింది. మొదట వచ్చింది భద్రమ్మ. నోరు పెద్దది, మనసూ పెద్దదే. కరువు రోజుల్లో నీళ్ళు ఊరికే ఇవ్వడం కుదరదు కాబట్టి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరి బిందె చన్నీళ్ళు వాళ్ళు తెచ్చి డ్రమ్ములో పోయాలి, ఒక బిందె వేడినీళ్ళు పట్టుకుపోవాలి. వాళ్ళు తీసుకుపోయేది వేడి ఒక్కటే.

తెల్లారేసరికి ఎనిమిది మంది, పది మంది వచ్చేవాళ్ళు. బిందె వంచి సన్నటి ధారగా పోయాలంటే సమయం పడుతుంది. ఆ సమయమంతా మాటలే. ఎవరి కోడలు అలిగింది, ఎవరి ఎద్దు కుంటుతోంది, ఎవరి మొగుడు గురక పెట్టాడు. ఎవరైనా తొందరపడితే ఓబులమ్మ బిందె పట్టుకుని “నింపాదిగా పొయ్యండమ్మా” అనేది. నీళ్ళ కోసమే అంటోందని వాళ్ళు అనుకునేవాళ్ళు. తన స్నానానికి మాత్రం ఆమె వేడినీళ్ళు పట్టుకునేది కాదు. ఆఖరున వచ్చేవాళ్ళకు చాలకపోతే మర్నాడు రారేమోనని భయం.

మరుసటి ఏడూ వాన పడలేదు. మేత లేక గొడ్లను సంతకు తోలారు. నిండుగా ఉండే తొట్టిలో పాలు అడుగుకు దిగాయి. పాలు తగ్గితే లాగడానికి వేడి తగ్గింది, డ్రమ్ములో నీళ్ళు వెచ్చబడటమే గగనమైంది. వచ్చే ఆడవాళ్ళు పది మంది నుంచి నలుగురయ్యారు. ఓబులమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ఆ నలుగురూ మానేస్తే మళ్ళీ క్యానుతోనే మాటలు.

అప్పుడే భద్రమ్మ కూతురు ప్రసవించింది. పదకొండో నాడు తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోయాలి. ముందు రోజు పొద్దున భద్రమ్మ వచ్చి కొళాయి కింద చెయ్యి పెట్టి చూసి పెదవి విరిచింది.

“ఇట్లుంటే బాలింతకు పనికిరాదు ఓబులమ్మా. రేపు బాగా కాగిండాల. ల్యాకపోతే ఇంటి వాసం ఇరిచి పొయ్యిలో పెట్టల్ల.”

“నువ్వు రా. నేనుండా గదా” అంది ఓబులమ్మ.

ఆ సాయంత్రం వచ్చిన పాలు నలభై లీటర్లు. మిషన్ నడిపే లక్ష్మన్న అరగంటలో వాటిని చల్లబరిచి, స్విచ్చి ఆపి, ఇంటికి పోయాడు. డ్రమ్ము మీద కొళాయి చూస్తే గోరువెచ్చన. దీపాలు పెట్టే వేళకు ఓబులమ్మ లోపలికి పోయి మిషన్ మళ్ళీ వేసింది. పాలలో ఇంకా కొంత వేడి దాగే ఉంటుందని, మిషన్ లాగితే వస్తుందని ఆమె నమ్మకం. పాలు కలిపే తెడ్డుకు వేరే స్విచ్చి ఉంది. దాని చప్పుడు ఊరిదాకా వినిపిస్తుందని అది మాత్రం వేయలేదు. గంటన్నర సేపు రాగి గొట్టం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు నిజంగానే కాగాయి.

తెల్లవారుజామున భద్రమ్మ వచ్చింది, వెంట మరో ముగ్గురు. పొగలు కక్కే నీళ్ళు చూసి భద్రమ్మ నవ్వి, ఓబులమ్మ బుగ్గ గిల్లి, రెండు బిందెలు పట్టుకుపోయింది. వీరప్ప పోయిన ఈ మూడేళ్ళలో తనను ఒక మనిషి తాకడం అదే మొదలని ఓబులమ్మకు అప్పుడు తోచింది.

లారీ వచ్చింది. లక్ష్మన్న తొట్టి మూత తీసి చూశాడు. కదిలించే తెడ్డు లేక పాలు తొట్టి గోడలకు మంచుపెళ్ళలై అతుక్కున్నాయి. అవి కరిగేసరికి పాలు నీళ్ళుగానూ తునకలుగానూ విడిపోయాయి. లారీ వాళ్ళు వాటిని ఎక్కించుకునేది లేదన్నారు. మధ్యాహ్నానికి మేనేజరు వచ్చి లక్ష్మన్నను నిలదీశాడు. మిషన్ ఆపకుండా పోయినవాడికి పని ఎందుకన్నాడు. లక్ష్మన్న ఆపానని ఒట్టు వేస్తున్నా వినలేదు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఊరుకుంటే అతని పని పోతుంది. చెబితే డ్రమ్ము పోతుంది.

“ఆయప్ప తప్పు గాదు సార్. మిషన్ నేనే ఏసినా” అంది ఓబులమ్మ.

ఆ పాలన్నీ కాలవలోకి వంచేశారు. అందులో భద్రమ్మ ఇంటి గేదె పాలు కూడా ఉన్నాయి. లక్ష్మన్న పని నిలబడింది. ఆమెనూ తీసేయలేదు. కానీ ఆంజినప్పను పిలిపించి, డ్రమ్ములోకి పోయే రాగి గొట్టం కోయించారు. అతను పోతూ పోతూ, పొట్టు తీయలేదమ్మా, ఉన్న నీళ్ళు కొన్నాళ్ళు వెచ్చగానే ఉంటాయి అని మాత్రం చెప్పాడు.

మర్నాడు ఓబులమ్మ చీకటితోనే లేచి గేటు తీసి నిలబడింది. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళకు కోపం ఉందో లేదో ఆమెకు తెలియదు. వేడినీళ్ళు లేని చోటికి అర మైలు నడిచి ఎవరు వస్తారు, ఇళ్ళల్లో పనులు ఉండవా అని తనకు తానే చెప్పుకుంది.

మూడో రోజు సాయంత్రం కొళాయి తిప్పి చూసింది. నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నాయి. బిందె నింపుకుని, గది వెనక తడక చాటున కూర్చుంది. డ్రమ్ము పెట్టిన నాటి నుంచి ఆ నీళ్ళతో తను స్నానం చేయడం అదే మొదలు. వీపు మీద చెయ్యి అందని చోట నీళ్ళు పోసుకుంటుంటే, చెంబు దానంతట అదే నెమ్మదిగా వంగింది. కింద కలిసిపోవడానికి చన్నీళ్ళు లేవు, వెనక వరుసలో ఎవరూ లేరు. అయినా ఆమె సన్నటి ధారగా, నింపాదిగా, బిందె అడుగంటే దాకా పోసుకుంది.

నా పేరు ఓబులమ్మ. వయసు యాభై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది శింగనమలలో, బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక అద్దె గదిలో.