లప్పం కింది తుప్పు

తుప్పు మీద లప్పం పూసేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైన రంగు వేస్తే నిగనిగలాడుతుంది, లోపల రేకు కుళ్లుతూనే ఉంటుంది. నా షెడ్డులో ఆ పని జరగదని ఎల్‌బీ నగర్‌లో పాత బండి ఉన్న ప్రతివాడికీ తెలుసు. తొందరగా కావాలన్నవాణ్ని ఇంకో షెడ్డు చూసుకోమంటాను. నీ నోరే నిన్ను ముంచుతుందని నా భార్య అండాలమ్మ రోజూ తిడుతుంది. ముంచితే ముంచనీ.

వెంకటేశ్వరరావు సారు నన్ను వెతుక్కుంటూ వచ్చిందీ అందుకే. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్తాడు. సొంతూరు గుడివాడ దగ్గర. వాళ్ల నాన్న చేపల చెరువుల గట్ల మీద తిప్పిన ఫోర్‌వీల్ జీపు, ఆ పెద్దాయన పోయాక పాకలో పడి ఉంటే, లారీ మీద వేయించుకుని తెచ్చాడు. బురదా తడీ కలిసి దాని ఒంటిని జల్లెడ చేసేశాయి. మంచి రేకును సుత్తితో కొడితే ఖంగుమంటుంది. ఇది డొబ్బు డొబ్బుమంది. డ్రైవర్ సీటు ముందు కాలు పెట్టే చోట కింద నేల కనిపిస్తోంది.

"పాత ఇనుముకు అమ్మేయమంటున్నారండీ అందరూ. మా నాన్న చెయ్యి పడ్డ బండి. బతుకుతుందంటారా?" అన్నాడు. ఆ గొంతు వింటే నాకే ఎలాగో అయింది.

"బతుకుతది సారూ. గని నన్ను తొందర వెట్టొద్దు. కుళ్లింది మొత్తం కోసి తీస్త. కొత్త రేకు వంచి, గదే వంపుకు తెచ్చి అతుకుత. లప్పం కథలు నాతోని గావు."

"మీరెట్లా చెప్తే అట్లానే."

నా బతుకులో ఏ బండి ఓనరూ ఆ మాట అనలేదు. పడిపోయాను.

ఆ ఎండాకాలం నుంచి ఆదివారమొస్తే చాలు, సారు షెడ్డులో ఉండేవాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి, బనీనుతోనే కూర్చుని, ఎమరీ పేపర్ పట్టుకుని తుప్పు రుద్దేవాడు. ముక్కు మీదా కనుబొమ్మల మీదా ఎర్రటి పొడి. లెక్కల సారును ఆ వేషంలో పిల్లలు చూస్తే ఏమంటారోనని నేను ఏడిపించేవాణ్ని. 'మీరు, అండీ' పోయి 'నువ్వు, అన్నా' ఎప్పుడొచ్చాయో ఇద్దరికీ తెలియదు. మధ్యాహ్నం అండాలమ్మ జొన్నరొట్టెలు తెచ్చేది. సారు భార్య కుసుమకుమారి పచ్చడి పంపేది.

"మా గోంగూర ముందు ఏదైనా దిగదుడుపే అన్నా."

"గోంగూరేంది, పుంటికూర అను. లేకుంటే రొట్టె వెట్ట."

అంతే, రొట్టె అయిపోయేదాకా అదే పంచాయితీ. నాకు తోడబుట్టినవాళ్లు లేరు. ఉంటే ఇలాగే ఉండేదేమో అనుకునేవాణ్ని. అనుకున్నాను కాబట్టే ఇప్పుడు ఇంత మంట.

నేను తెలంగాణ ఉద్యమం మనిషిని. చౌరస్తాలో శిబిరం వేసినప్పటి నుంచి, పొద్దున అక్కడ కాసేపు కూర్చున్నాకే షెడ్డు తీసేవాణ్ని. ఆ సంగతి సారుకు తెలుసు. నేను దాచలేదు, ఆయన తప్పు పట్టలేదు. ఒకసారి మాత్రం పేపర్ రుద్దడం ఆపి నవ్వుతూ అడిగాడు.

"రాష్ట్రం వస్తే మమ్మల్ని పంపించేస్తారా అన్నా?"

"నిన్నెవడు పంపుతడు? జీపు గాకముందు నువ్వే పోతనన్నా నేను పోనియ్య" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కోచింగ్‌లు మూతపడ్డాయి, సారు రావడం మానేశాడు. నేను పని ఆపలేదు. కుళ్లిన ఫ్లోర్ కోసేశాను. దాని జాగాలోకి కొత్త రేకు వంచుతున్నాను. ఆ పాత జీపు ఫ్లోర్‌లో గేరు దగ్గర ఒక వంపు ఉంటుంది, ఫోర్‌వీల్ లివర్ దగ్గర ఇంకో వంపు. అచ్చు అలాగే రావాలంటే కొట్టాలి, పెట్టి చూడాలి, తీసి మళ్లీ కొట్టాలి. భుజం పడిపోయింది. కానీ కూర్చుంది చూడండి, పుట్టినప్పటి రేకులాగే కూర్చుంది. ఇక వెల్డింగే మిగిలింది.

అప్పుడే ఒక బంద్ రోజు, చౌరస్తాలో ఎవరిదో ఆంధ్రా నంబరు కారు అద్దాలు పగిలాయి. నేను షెడ్డుకు పరుగెత్తాను. నా షెడ్డు ఇరుకు. జీపు మూతి రోడ్డు మీదికే ఉంటుంది. దాని నంబర్ ప్లేట్ మీద ఏపీ పదహారు, కృష్ణా జిల్లా అని దండోరా వేస్తున్నట్టు. ఆ రోజుల్లో మావాళ్లందరం బండ్ల మీద ఏపీ చెరిపి టీజీ అని రాసుకున్నాం. నేనూ కుంచె తీసి ఏపీ మీద రంగు కొట్టి టీజీ అని రాశాను. ముందు అద్దానికి జై తెలంగాణ స్టిక్కర్ అతికించాను. స్టూలు వేసుకుని సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాను. ర్యాలీ పోరగాళ్లు వచ్చి, చూసి, "జై తెలంగాణ కాకా" అని ముందుకు వెళ్లిపోయారు. ఒక్క గీత పడలేదు. సారుకు చెప్తే ఎంత నవ్వుతాడోనని మురిసిపోయాను. పిచ్చోణ్ని.

ఆ వారంలోనే పోలీసులు వచ్చారు. వెనక ఒక లాగుడు బండి. దాని పక్కన వెంకటేశ్వరరావు సారు.

"గీ జీపు ఎవనిది?" అన్నాడు ఎస్సై.

"సారుదే. గాడున్నడు గదా, అడుగుండ్రి."

"మరి నంబర్ ఎందుకు మార్చినవ్? స్టిక్కర్ ఎందుకు ఏసినవ్? బండి కబ్జా వెడుతున్నవని కంప్లైంట్ ఒచ్చింది. పోనియ్యనని బెదిరిచ్చినవంట గదా?"

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. ఇద్దరం కలిసి నవ్వుకున్న మాటను తీసుకెళ్లి స్టేషన్‌లో పెట్టాడు!

"సారూ, గిదేంది? నీ బండి పలగొడ్తరని రాసిన. నన్ను అడగొద్దా? ఒక్క ఫోన్ కొడితే చెప్పకపోదునా?"

ఆయన నా మొహం చూడలేదు. జీపు చక్రం వైపు చూస్తూ అన్నాడు. "రోడ్డు మీద పోతూ చూశానన్నా. నాన్న బండి చేజారిపోయిందనుకున్నాను. మీరు అలాంటివారని కాదు. మీవాళ్లు..."

మీవాళ్లు! ఇన్ని ఆదివారాలు నా రొట్టె తిన్న మనిషి, నన్ను ఒక్క మాటతో తీసుకెళ్లి గుంపులో కలిపేశాడు. చెంప మీద కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"కనీసం ఫ్లోర్ అతకనియ్యి. ఇట్ల తీస్కపోతే బండి ఖరాబైతది" అన్నాను. నా ఖర్మ, అప్పుడు కూడా ఆ జీపు గురించే మాట్లాడాను. ఎవరూ వినలేదు. బొక్క ఫ్లోర్‌తోనే లాక్కుపోయారు. నన్ను స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయనే కేసు వద్దన్నాడట, సాయంత్రం వదిలేశారు. అండాలమ్మ బయట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. మా ఇంటి మనిషి ఠాణా మెట్టెక్కడం అదే మొదలు.

మళ్లీ ఎండలు ముదిరాక ఒక పొద్దున జీపు షెడ్డు ముందు ఆగింది. కొత్త ఆకుపచ్చ రంగు, తళతళా మెరుస్తోంది. సారు దిగాడు. చిక్కిపోయాడు.

"వేరేచోట చేయించాను. నిన్న కుసుమ ఎక్కబోతే ఫ్లోర్‌లోంచి కాలు దిగబడి చీరుకుపోయింది. కుట్లు పడ్డాయి. నువ్వే చెయ్యాలన్నా. ఇంకెవరి మీదా నమ్మకం లేదు."

నమ్మకమట! గూట్లోంచి అయస్కాంతం తెచ్చి జీపు తలుపుకు ఆనించాను. జారి కింద పడింది. ఇంకోచోట పెట్టాను. అక్కడా పడింది. అంతా లప్పమే. రేకు ఎక్కడుందని అంటుకోవడానికి?

"ఆ రోజు భయపడ్డానన్నా" అన్నాడు చిన్నగా.

"నన్ను జూసి భయపడ్డవా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నావీ అంతే, అబద్ధమెందుకు. ఒక్క క్షణం సుత్తి అందుకుని పనిలోకి దిగుదామనిపించింది. చేతులు దానికోసం గుంజాయి కూడా.

లోపలికి వెళ్లి గోడకు ఆనించిన ఫ్లోర్ రేకు తీశాను. ఆ జీపు కోసం వంచింది, ఇంకే బండికీ పనికిరాదు. తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ నూనె రాస్తూ వచ్చాను. ఎందుకు రాశావని అడిగితే చెప్పలేను. తెచ్చి జీపు వెనక సీటు మీద పెట్టాను.

"ఇది కూసుంటది. వెల్డింగ్ ఒక్కటే చెయ్యాలె."

సారు మొహం విప్పారింది. చొక్కా గుండీల మీదికి చెయ్యి పోయింది, వెనకటి ఆదివారాల్లోలాగే.

"తీస్కపోయి మీవాళ్లతోని ఏపిచ్చుకో" అన్నాను.

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాకు సంతోషం కలగలేదు. అండాలమ్మ ఎప్పటిలా రెండు చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అప్పటికి జీపు రోడ్డెక్కేసింది.