మడమ కింద తోలు ముక్క

రెండో చుట్టు మధ్యలో కుజ్మన్ ఎడమ బూటు లేసు మళ్ళీ ఊడింది. ఊళ్ళో సగంమంది బూట్లు బాగుచేసే మనిషికి సొంత లేసు ఒక్కటి నిలవదు. కాలు పెట్టి కట్టుకుందామని బెంచీ దగ్గర ఆగాడు. బెంచీ తడి. పక్క బెంచీ పొడిగానే ఉంది కానీ దాని మీద ఎవరిదో కుక్క కూర్చుంది. దాని యజమాని ఫోనులో ఎవరినో తిడుతున్నాడు. సరేనని కుజ్మన్ బాట మధ్యలోనే వంగి ముడి వేసుకుంటుంటే, కరెంటు స్కూటరు మీద ఒకమ్మాయి దాదాపు రాసుకుంటూ వెళ్ళింది.

"తాతా, పక్కకి" అన్న మాట ఆ పిల్ల దాటిపోయాక వినిపించింది.

ఇదివరకైతే ఇలాంటివి లెక్కలోకి వచ్చేవి కావు. పక్కన నేస్తం వెలిన్ ఉండేవాడు. తడి బెంచీ మీదా, కుక్క మీదా, స్కూటరు మీదా ఏదో ఒకటి అనేవాడు, ఇద్దరూ నవ్వుకుంటూ పరుగెత్తేవాళ్ళు. నాలుగు వారాల క్రితం ఆఫీసు మెట్ల మీద వెలిన్ ఎడమ చీలమండ బెణికింది. అప్పటినుంచి ప్రతి చిన్న చిరాకూ కుజ్మన్ ఒక్కడే మింగుతున్నాడు.

అతనికి అరవై మూడేళ్ళు. మనిషి పొట్టి. నలభై ఏళ్ళుగా పీట మీద వంగి పనిచేసి భుజాలు ముందుకు వచ్చేశాయి. గోళ్ళ చివర నల్ల పాలిష్ ఏ సబ్బుకీ వదలదు. భార్య పోయి పదకొండేళ్ళయింది, పిల్లలు లేరు. అతని పరుగు చూస్తే ట్రాము అందుకోవాలనుకుంటూనే నలుగురూ చూస్తారని మొహమాటపడుతున్నట్టు ఉంటుంది. దేంట్లోనూ మొదటివాడిగా రాలేదు. రావాలని అనుకున్నట్టు కూడా ఎవరికీ గుర్తులేదు.

మార్చి నెల మూడో వారం. సోఫియా నగరంలో ఆ నెలకి మార్త అవ్వ అని పేరు. ఆవిడ నవ్వితే ఎండ, మూతి ముడిస్తే మంచు, రెండూ ఒకే పొద్దున అవుతాయి. ఆవిడ అలగకుండా ఒకటో తారీకున అందరూ ఎర్రదారం, తెల్లదారం మెలేసిన మార్తెనిత్స చేతికి కట్టుకుంటారు. కొంగ కనపడ్డ రోజునో, పూసిన చెట్టు కనపడ్డ రోజునో దాన్ని విప్పి ఆ కొమ్మకి కట్టేస్తారు.

పార్కు చివర, దిగుడు బాట పక్కన ఒక ద్రియాన్ చెట్టు ఉంది. ఆకు ఇంకా వేయకుండానే ఒళ్ళంతా సన్నటి పసుప్పచ్చ పూలు పూస్తుంది. పూసి వారం దాటింది. కుజ్మన్ రోజూ దాని కింద ఆగుతున్నాడు, రోజూ దారం విప్పకుండానే వెళ్ళిపోతున్నాడు. ఆ చెట్టుకి పద్నాలుగేళ్ళుగా ఇద్దరూ ఒకే రోజు, ఒకే కొమ్మకి కట్టారు. వెలిన్ కాలు బాగవనీ, తొందరేముంది అనుకున్నాడు. కింద బురదలో ఎవరివో అడుగులు కొత్తగా పడి ఉన్నాయి. అతను వాటికేసి చూశాడు కానీ పట్టించుకోలేదు.

అసలు అతనికి దిగులంతా మఠం పరుగు గురించి. ఏప్రిల్ మొదటి ఆదివారం, ఊరి చివరనుంచి కొండ మీది మఠం దాకా, జంటలుగా పరుగెత్తాలి. ఇద్దరూ కలిసి గీత దాటితేనే లెక్క. పద్నాలుగు సార్లు వెళ్ళారు. కుజ్మన్‌కి ఆయాసం వస్తే వెలిన్ ఆగేవాడు, వెలిన్‌కి నవ్వొస్తే కుజ్మన్ ఆగేవాడు. ఎప్పుడూ చివరి పదిమందిలోనే ఉండేవాళ్ళు. ఆ తర్వాత మఠం గోడ పక్కన కూర్చుని ఇంటినుంచి తెచ్చుకున్న బానిత్స, జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టె, తిని, విటోష కొండ దారిలో అడవి వెల్లుల్లి ఆకు కోసుకుంటూ నడిచి దిగేవాళ్ళు. కుజ్మన్‌కి ఏడాది మొత్తంలో పండగంటే అదే. ఈసారి అచ్చాఫీసులో పనిచేసే స్తమేన్ వచ్చి తనతో జతకట్టమని రెండుసార్లు అడిగాడు. "నాకు జత ఉంది. కాలు బాగైపోతుంది" అని రెండుసార్లూ పంపేశాడు. చూడ్డానికి ఇంటికి వస్తానంటే వెలిన్ ఫోనులో వద్దన్నాడు. లిఫ్ట్ పాడైంది, ఆరంతస్తులు ఎక్కొద్దు అన్నాడు. తన ఆయాసం మీద ఎంత శ్రద్ధో అని కుజ్మన్ మురిసిపోయాడు కూడా.

అతని కొట్టు నేలమట్టానికి కింద ఉంటుంది. కిటికీ మాత్రం పేవ్‌మెంటుకి ఆనుకుని పైన. పని మీద వచ్చేవాళ్ళు మోకాళ్ళు వంచి కూర్చుని లోపలికి మాట్లాడాలి. వంగలేనివాళ్ళు పక్కనున్న నాలుగు మెట్లు దిగి రావాలి. కుజ్మన్‌కి రోజంతా లోకమంటే కాళ్ళే. ఈ వీధిలో ఎవరి నడక ఏదో, ఎవరికి ఏ మడమ అరుగుతుందో, ఎవరు ఎవరిమీద అలిగి ఎడంగా నడుస్తున్నారో మొహాలు చూడకుండానే చెప్పగలడు.

పదిగంటలప్పుడు కిటికీ ముందు బూడిదరంగు బూట్లు ఆగాయి. మోకాళ్ళు వంగాయి. వెలిన్ భార్య నెవెన.

"కుజ్మన్ అన్నయ్యా, ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను. చెప్పమ్మా."

"వంగలేక చస్తున్నా. ఈ కొట్టు పైకి ఎప్పుడు తెస్తావో గానీ."

"మెట్లు నాలుగే. దిగితే అరగవు."

నెవెన నవ్వి సంచీ కిటికీలోంచి అందించింది. "మా ఆయన బూట్లు. అడుగు నోరు తెరిచింది. రాత్రి ఏదో జిగురు తెచ్చి తనే అంటించబోయాడు, బూటుకి తప్ప అన్నిటికీ అంటింది. నీ దగ్గరికి తెస్తానంటే వద్దంటాడు. నీ మనసు కష్టపడుతుందట."

"నా మనసెందుకు కష్టపడుతుంది?"

"మోకాలు పోయి పరుగు మానేసినవాడికి పరుగు బూట్లు చూపించడం ఏం బావుంటుంది అంటాడు. అయినా నువ్వు అలాంటివాడివి కాదు, నాకు తెలీదా. ఎలా ఉంది మోకాలు?"

కుజ్మన్ చేతిలో తోలు కుట్టే ఆరె ఉంది. దాన్ని పీట మీద పెట్టాడు. తన రెండు మోకాళ్ళనీ ఒకసారి చూసుకున్నాడు.

"పర్లేదమ్మా" అన్నాడు. "కొంచెం నయం."

"జాగ్రత్త మరి. ఈయనైతే యావోర్ అని, ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు, అతనితో పోతున్నాడు రోజూ. మఠం పరుగుకి కూడా అతనితోనే పేరిచ్చాడు. నువ్వే వెళ్ళమన్నావటగా."

"ఆ. అన్నాను."

"మంచివాడివి." నెవెన లేచింది. మోకాళ్ళు మాయమై మళ్ళీ బూడిదరంగు బూట్లే మిగిలాయి. అవి ట్రాము స్టాపు వైపు వెళ్ళాయి.

కుజ్మన్ సంచీ విప్పలేదు కాసేపు. కాఫీ తాగాడు. చల్లారిపోయింది. అప్పుడు బూట్లు తీసి వెలుగులోకి తిప్పాడు.

ఈ బూట్లకి జనవరిలో అడుగు వేసింది తనే. నిజంగా చీలమండ బెణికి ఉంటే ఎడమది కుడిదానికంటే తక్కువ అరగాలి. రెండూ సమానంగా అరిగాయి. పోనీ, మడమ అరిగిందా అంటే అదీ లేదు. వెలిన్ బూటు పద్నాలుగేళ్ళుగా మడమ దగ్గరే అరుగుతుంది, నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళకి అక్కడే బరువు పడుతుంది. ఇప్పుడు మునివేళ్ళ దగ్గర అరిగింది. అంటే వేగంగా పరుగెత్తుతున్నాడు. తనతో ఉన్నన్నాళ్ళూ తన కోసం తగ్గించుకుని పరుగెత్తాడన్నమాట. ఆ సంగతే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

బూటు అడుగు గాళ్ళలో ఎండిన బురద ఉంది. కత్తి మొనతో గీకి పాలిష్ డబ్బా మూతలో రాల్చాడు. బురదతో పాటు సన్నటి పసుప్పచ్చ పూరేకులు రాలాయి. పార్కులో ద్రియాన్ చెట్టు ఒక్కటే ఉంది. పొద్దున చూసిన అడుగులు గుర్తొచ్చాయి. తన పరుగు వేళ వెలిన్‌కి తెలుసు గనక తాను రాకముందే వచ్చి వెళ్ళిపోతున్నాడు.

వేగంగా పరుగెత్తాలని ఉంటే చెప్పొచ్చు. నువ్వు నెమ్మదయ్యావురా, ఈ ఒక్కసారి గట్టివాడితో వెళ్ళొస్తానంటే ఏమనేవాడు? రెండు రోజులు అలిగేవాడేమో. తర్వాత గీత దగ్గర నిలబడి చప్పట్లు కొట్టేవాడు. దానికి అబద్ధం ఎందుకు? అదీ ఒకటి కాదు, తనకి ఒకటి, పెళ్ళానికి ఒకటి. తన మంచి మోకాలిని ఊరంతా పాడుచేసి పెట్టాడు. కుజ్మన్‌కి చెప్పలేనంత కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపు వచ్చింది. రెండూ రానివ్వకుండా జిగురు డబ్బా తెరిచాడు.

పని మాత్రం చెడగొట్టలేదు. అలా చెయ్యడం అతనికి చేతకాదు. పాత అడుగు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త అడుగు అంటించి, చెక్క అచ్చు మీద బిగించాడు. అది ఆరేలోపు డ్రాయరు లాగి, దాచుకున్న మంచి దూడతోలులోంచి ఒక ముక్క కోశాడు. మడమ ఆకారంలో, వెనక చిటికెన వేలంత మందం, ముందుకు వచ్చేసరికి కాగితమంత పలచన. బెణికిన కాలికి ఊరటగా అలాంటి ఎత్తు పెట్టడం వాళ్ళ నాన్న నేర్పాడు. బాగున్న కాలికి పెడితే ఆ మనిషి వంద గజాలు కూడా సరిగ్గా పరుగెత్తలేడు. అంచులు గాజుముక్కతో నున్నగా గీసి, జిగురు వెయ్యకుండా ఎడమ బూటులో పెట్టాడు. పగతో చేశాడా, ప్రేమతో చేశాడా అని అడిగితే అతనే చెప్పలేడు.

మధ్యాహ్నం రెండింటప్పుడు గోధుమరంగు ఆఫీసు బూట్లు ట్రాము పట్టాలు దాటి పరుగున రావడం కిటికీలోంచి కనిపించింది. పేవ్‌మెంటు అంచున ఆగాయి. ఊపిరి తీసుకున్నంత సేపు నిలబడ్డాయి. తర్వాత కుంటడం మొదలుపెట్టాయి. ముందు కుడికాలు. రెండడుగులయ్యాక గుర్తొచ్చినట్టుంది, ఎడమకాలికి మారింది.

కుజ్మన్ మొహం తిప్పుకున్నాడు. ఆ అడుగులు చూసినందుకు తనకే సిగ్గేసింది.

"ఏరా" అంటూ దిగాడు వెలిన్. పొడుగు మనిషి, తలుపు దగ్గర ఎప్పుడూ తల వంచాలి. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి.

"రా. మెట్లు చూసి దిగు. కాలు బాలేదుగా."

"నెవెన వచ్చిందటగా పొద్దున?"

"వచ్చింది."

"ఏమన్నా అందా?"

"వంగలేక చస్తున్నానంది."

వెలిన్ భుజాలు కిందికి దిగాయి. నవ్వాడు. "దానికెప్పుడూ అదే గోల. అయిపోయాయా? ఊరికే ఇంట్లో పడి ఉన్నాయి, బాగుచేయిద్దామని తెచ్చినట్టుంది."

"తొడుక్కో."

"ఇంటికెళ్ళి చూసుకుంటాలేరా."

"నా కొట్లో తొడిగి చూడకుండా ఏ బూటన్నా బయటికెళ్ళిందా?"

వెలిన్ స్టూలు మీద కూర్చుని, ఆఫీసు బూట్లు విప్పి సంచీలో వేసి, ఇవి తొడిగాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. మణికట్టు మీద దారం లేదు.

"మార్తెనిత్స ఏదిరా?"

"తెగిపోయింది. బస్సులోనో ఎక్కడో."

"మన చెట్టు పూసింది."

"అవునా" అన్నాడు వెలిన్. అంటూ లేచి నిలబడి, ఎడమకాలు ఆనించి, ఆగాడు. "ఇందులో ఏదో ఉంది."

"మడమ కింద తోలు పెట్టాను. బెణుకు కదా, బరువు పడకుండా ఉంటుంది." కుజ్మన్ కత్తి తుడుస్తున్నాడు, తలెత్తలేదు. "కాలు బాగైపోయిందంటే చెప్పు. ఇప్పుడే తీసేస్తాను."

ట్రాము వెళ్ళింది. కిటికీ అద్దం గలగలలాడి ఆగింది. వెలిన్ చూపు పీట మీదికి వెళ్ళింది. అక్కడ డబ్బా మూతలో ఎండు బురద, పసుప్పచ్చ రేకులు ఉన్నాయి. చాలాసేపు వాటినే చూశాడు. ఒక్క మాట అంటే చాలునని కుజ్మన్ ఎదురుచూశాడు. తిట్టినా సరే, నువ్వు ముసలాడివైపోయావురా అన్నా సరే.

"ఉండనీ" అన్నాడు వెలిన్. "మంచిదేగా."

"మంచిదే."

వెలిన్ జేబులో చెయ్యి పెట్టబోతే కుజ్మన్ ఎప్పట్లాగే వద్దన్నాడు. మెట్లెక్కుతూ వెలిన్ కుంటడమూ లేదు, కుంటకుండానూ లేడు, ఏం చెయ్యాలో తెలియక ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు.

కుజ్మన్ కిటికీకేసి చూస్తూ కూర్చున్నాడు. తను కొత్తగా అడుగు వేసిన బూట్లు వచ్చాయి. కిటికీ ముందు ఆగాయి. ఇరవై ఏళ్ళుగా ఈ కిటికీ దగ్గర వంగి మాట్లాడిన మనిషికి లోపలినుంచి ఏం కనిపిస్తుందో తెలుసు. అయినా అక్కడే ఆగాడు. ఎడమ బూటు ఊడింది. నీలం మేజోడు పాదం గాలిలో కాసేపు తడబడింది. చెయ్యి కిందికి దిగి తోలుముక్కని కిటికీ గట్టు మీద పెట్టింది. విసిరెయ్యలేదు, జాగ్రత్తగానే పెట్టింది.

బూటు మళ్ళీ ఎక్కింది. రెండు పాదాలూ కిటికీ వైపే తిరిగి నిలబడ్డాయి. మాట్లాడాలంటే ఎవరైనా ఇక్కడ మోకాళ్ళు వంచాలి. ఇప్పుడు వంగుతాయి, ఇప్పుడు వంగుతాయి అని కుజ్మన్ చూశాడు.

వంగలేదు. పాదాలు తిరిగాయి. నాలుగడుగులు సమంగా నడిచి, పట్టాల దగ్గరికి వెళ్ళేసరికి పరుగందుకున్నాయి. మంచి పరుగు. మునివేళ్ళ మీద, తేలిగ్గా ఉంది. ఆ తర్వాత ఆ బూట్లు ఆ వీధిలోకి రాలేదు.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి కుజ్మన్ మామూలుగానే ఆరె, కత్తి వాటి చోట్లలో పెట్టి, డబ్బా మూత కడిగి, తాళం వేశాడు. చేతి దారం ఇంకా చేతికే ఉంది. ఇంటికి వెళ్ళే దారిలో అచ్చాఫీసు ముందు ఒక క్షణం ఆగాడు కానీ స్తమేన్‌ని పిలవకుండా సాగిపోయాడు. మార్త అవ్వ మూతి ముడిచినట్టుంది, సన్నగా మంచు మొదలైంది. కొట్టు కిటికీ గట్టు మీద దూడతోలు ముక్క అలాగే ఉంది, ఏ మడమ గుర్తూ పడకుండా, నున్నటి అంచుల మీద తడి చేరుతూ.