ఎవరూ తోడు వేయలేదు

సీసాలో కొబ్బరి నూనె పేరుకుంది.

తెల్లగా. అంచుల దగ్గర మసగ్గా, మధ్యలో గట్టిగా. రాత్రి నీళ్ళలా ఉన్నది తెల్లారేసరికి మైనంలా ఉంది. ఎవరూ ఏమీ చేయలేదు. చలి వచ్చింది. అంతే.

బాపట్ల చలి పెద్ద చలేం కాదు. సముద్రం దగ్గర. గాలిలో ఎప్పుడూ తడి. ఉతికిన చీర ఆరినట్టే ఉంటుంది, ఆరదు. జనవరిలో కొన్ని రోజులు మాత్రం తెల్లవారుజామున నేల చల్లబడుతుంది. మంచు జీడిమామిడి తోటల మీదుగా వచ్చి, దారి తెలియనట్టు ఊళ్ళో నిలబడిపోతుంది.

రిబ్కా సీసా వంక చూసింది. ఎండపొడలో పెట్టలేదు. నూనె లేకుండానే జడ వేసుకుంది.

ఆ రోజు ఆమెకు చలి కావాలి.

కాలేజీలో ఆమె కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. పగలంతా పిల్లల చేతుల్లో పగిలే గాజును లెక్కపెట్టుకోవడం, యాసిడ్ సీసాలకు మూతలు బిగించడం. సాయంత్రం నుంచి సొంత పని. పిహెచ్‌.డి. పని.

ఆముదం నుంచి తీసిన ఒక ఆమ్లాన్ని మార్చి ఆమె ఒక కొత్త పదార్థం చేసింది. చేసింది శుద్ధమైనదని చూపించాలంటే స్ఫటికాలు రావాలి. పద్ధతి అందరికీ తెలిసిందే. వేడి ద్రావణిలో కరిగించాలి. కదపకుండా చల్లారనివ్వాలి. అడుగున సూదుల్లాగా, పటికబెల్లం పలుకుల్లాగా స్ఫటికాలు దిగాలి.

దిగలేదు.

చల్లారిన ప్రతిసారీ ద్రావణం మొత్తం, ఉన్నది ఉన్నట్టుగా, ఆగిపోయింది. అడుగున ఏమీ లేదు. పైన ఏమీ లేదు. అంతా ఒకటే. పరీక్షనాళికను తలకిందులు చేస్తే పడలేదు.

పారబోసింది.

మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. మళ్ళీ పారబోసింది.

స్ఫటికాలు రాని చోట ఇలాంటి జిగురు రావడం, దాన్ని పారబోయడం కొత్తేం కాదు. ప్రయోగశాలల్లో ఎందరో పారబోసి ఉంటారు. ఎక్కడా రాసి ఉండరు.

ఒకసారి పారబోయబోయి ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు. చెయ్యి కడుగుతొట్టి మీద ఉంది. నాళిక తలకిందులుగా ఉంది. అందులోంచి కిటికీ కనిపిస్తోంది. కిటికీలోని వెలుగు కొంచెం పాలు కలిపినట్టుగా ఉంది.

బోటనీ వాళ్ళ మైక్రోస్కోపు అడిగి తెచ్చుకుంది.

పోగులు. సన్నని, పొడవాటి పోగులు. పోగు మీద పోగు పడి, పోగును పోగు చుట్టి... సందుల నిండా ద్రావణి. పారేది పారలేక నిలిచిపోయింది. ఒక నీళ్ళ చెరువును ఒక చిలక్కొయ్యకు తగిలించినట్టు.

ఎవరు నేశారు?

ఎవరూ నేయలేదు. కొత్త బంధమేదీ పుట్టలేదు. ఏ అణువుకు ఆ అణువు విడిగానే ఉంది. పక్కదాన్ని ఊరికే పట్టుకుంది. గట్టిగా కాదు — వదలగలిగేంత. వెచ్చబడితే వదిలేస్తుంది. చల్లబడితే మళ్ళీ పట్టుకుంటుంది. కుదిపితే వదిలేస్తుంది. కదపకుండా ఉంచితే మళ్ళీ పట్టుకుంటుంది. ఒక్క చుక్క స్పిరిట్ పడితే చాలు, ఎరగనట్టు విడిపోతుంది.

చుట్టూ ఏముందో దానికి తెలుసు. అది మాత్రం నిజం.

ఇలాంటి పనిని విదేశాల్లో కొందరు చేస్తున్నారని, అణువులకు అవతలి రసాయనశాస్త్రం అని దానికో పేరు కూడా పెట్టారని, యూనివర్సిటీ లైబ్రరీలో ఒక పాత పత్రికలో చదివింది. సూప్రామాలిక్యులర్. పెద్ద మాట. నోట్లో తిరగడానికి కొంత సమయం పట్టింది.

థీసిస్‌లో ఆఖరి అధ్యాయం దాని గురించే రాసింది.

గైడు గౌరీశంకరం గారు. మార్చిలో రిటైరవుతున్నారు. ఆయన తరువాత ఆమె పనిని చేతిలోకి తీసుకునేవాళ్ళు డిపార్ట్‌మెంటులో లేరు. మిగిలిన అధ్యాయాలన్నీ చూశారు, బాగున్నాయన్నారు. ఆఖరిదాని మీద పెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక గీత గీశారు.

"స్ఫటికాలు రాలేదు అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యమ్మా."

ఆ అధ్యాయం తీసేస్తే మిగిలింది డిగ్రీకి చాలదు. ఉంచితే ఆయన సంతకం పెట్టరు.

"ఒక్కసారి కళ్ళతో చూడండి సార్" అంది.

"తీసుకురా. శనివారం తెనాలి రా, ఇంటికి."

అందుకే చలి కావాలి.

*

నాళికకు బిరడా బిగించి, దూదిలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుంటే ఒంటి వేడి తగులుతుంది. కిటికీ అంచున పెట్టి, రెండు చేతులతో పట్టుకుంది.

పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె. పొగమంచు కిటికీలోంచి నేరుగా లోపలికి వస్తోంది.

నిడుబ్రోలులో కూరగాయల గంపతో రాజమ్మ ఎక్కింది. తెనాలి మార్కెట్టుకు రోజూ వెళ్ళే మనిషి. పెట్టెలో సగం మందికి తెలుసు.

"కిటికీ దించమ్మా. మంచంతా మీద పడుతుంటే."

"కాసేపు ఉండనివ్వండి పిన్నీ."

"ఏంటి కాసేపు? తెనాలి పోయేసరికి కొయ్యలైపోతాం."

"ఇది వేడెక్కితే పాడవుద్దండి."

"ఏంటది, మందా?"

"కాదండి."

"మరి? ఐసుఫ్రూటా, ఈ చలిలో?"

పెట్టెలో నవ్వు.

రిబ్కా కూడా నవ్వింది. కిటికీ మాత్రం దించలేదు.

రాజమ్మ గంపను కాలితో లోపలికి తోసింది. వచ్చి, ఎదురు బెంచీ అంచున, కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. కొంగు తల మీదుగా లాక్కుంది. పక్కనున్న చంటిపిల్ల తల్లికి గాలి తగలడం ఆగింది. "చదువుకున్నోళ్ళకి చలి కూడా ముద్దే" అంటూ చుండూరు దాకా సణుగుతూనే ఉంది.

పట్టాల అతుకుల మీద పెట్టె ఎగిరి పడుతోంది. టక్... టక్. ప్రతి అతుకూ ఆమె వేళ్ళకు తెలుస్తోంది. కుదుపు లేని రైలు ఉండదని ఆమెకు ముందే తెలుసు. కుదుపుకు విడిపోతుందనీ తెలుసు. వేడి ఒక్కటి తగలకపోతే చాలు. అక్కడికి వెళ్ళాక కాసేపు ముట్టుకోకుండా ఉంచితే చాలు.

ముట్టుకోకుండా.

*

తెనాలిలో కాలవ దాటాక రెండో వీధి, సార్ ఇల్లు. వసారాలో కర్ర బల్ల. రెండు కుర్చీలు. బల్ల మీద ఇత్తడి గ్లాసులో పెన్నులు.

సార్ డబ్బా అందుకుని, దూది విప్పి, నాళిక బయటికి తీశారు. వంచారు.

లోపలిది పక్కకు జారింది. వదులుగా, తీరిగ్గా.

"ఇది పారుతోంది కదమ్మా!"

"రైల్లో కదిలింది సార్. కాసేపు ఆగితే నిలబడుద్ది."

పెన్నులు తీసేసి, గ్లాసులో నాళికను నిలబెట్టింది.

లోపలి నుంచి సార్ భార్య లలితాంబ గారు ఉప్మా పళ్ళేలు తెచ్చారు. "తిన్నాక చూసుకోండి మీ సీసాలు" అన్నారు. రిబ్కా తినడం మొదలుపెట్టింది. ఉప్మాలో అల్లం ముక్కలు పెద్దవిగా ఉన్నాయి. కళ్ళు గ్లాసు మీద.

సార్ రెండు ముద్దలు తిన్నారు. ఎడమచేత్తో నాళిక తీశారు. ఊపారు.

చేతిలోకి వచ్చిన ప్రతి నాళికనూ ఊపి చూడటం ఆయన ఉద్యోగమంతా చేసిన పని. వేళ్ళకు అలవాటు. ఆయనకు తెలియను కూడా తెలియదు.

"ఏదీ?"

"ఊపితే పోద్దండి."

"ఓహో."

మళ్ళీ గ్లాసులో పెట్టారు.

వీధిలో సోడా బండి వెళ్ళింది. మంచు పలచబడి, గోడ మీదికి ఎండ వచ్చింది. ఎండ వసారాలోకి రావడానికి ఇంకా సమయముంది. ఆమె కుర్చీని కొంచెం జరిపింది — ఎండ వస్తే తన నీడే బల్ల మీద పడేలా.

కాఫీ వచ్చింది. ఆయన చెయ్యి కాఫీ దాకా వెళ్ళి, పక్కకు తిరిగి, నాళికను ఎత్తింది. వెలుగులో పెట్టి ఒక కుదుపు కుదిపింది.

లోపల ఏదో అప్పుడే పట్టుకోబోతున్నది — వదిలేసింది. ఆమెకు కనిపించింది. ఆయనకు కనిపించలేదు.

"స్ఫటికం అంటే ఏంటమ్మా? ఒక క్రమం. ఒక నిలకడ. ఎన్నేళ్ళు పెట్టినా మారదు. ఇదేంటి? జావ. జావ కాచి తెచ్చి డాక్టరేట్ ఇమ్మంటే ఎవరిస్తారు?"

"మీరు ముట్టుకోకుండా ఉండలేరా?" అన్నారు లలితాంబ గారు గడప మీద నుంచి. "పాపం ఆ పిల్ల ఇందాకట్నుంచి చెప్తూనే ఉంది."

"నువ్వుండవే. ఇది సైన్సు."

"సైన్సయితే మాత్రం? చెయ్యి ఊరుకోదు కదా మీకు."

రిబ్కా కప్పు కింద పెట్టింది. ఇంగ్లీషులో ఆ అధ్యాయం రాసినప్పుడు ప్రతి మాటనూ తూచి వేసింది. జావ అనే మాటకు అక్కడ జవాబు లేదు. నోటికి వచ్చింది ఇంట్లో మాట.

"జావ కాదండి. తోడుకుంటది సార్ అది."

సార్ నవ్వారు. గట్టిగానే నవ్వారు. లలితాంబ గారి వైపు తిరిగి, ఆవిడ కూడా నవ్వాలన్నట్టు చూశారు.

"తోడుకుంటదా! మరి తోడు ఎవరు వేశారమ్మా?"

నవ్వు వసారాలో ఇంకా ఉంది. ప్రశ్న కూడా ఉంది.

రిబ్కా తల ఎత్తింది. ఇన్నాళ్ళూ ఆ అధ్యాయంలో ఆమె చెప్పాలని తిరిగింది ఈ ప్రశ్న చుట్టూనే. ఎక్కడా ఇంత సూటిగా అడగలేదు.

"ఎవరూ వేయలేదండి."

"వేయకుండా?"

"వేయకుండానే. బయట్నుంచి ఏం పడక్కర్లేదు సార్. దానికదే తోడు. ఒకటి ఇంకోదానికి, అది ఇంకోదానికి."

సార్ చెయ్యి గ్లాసు వైపు వెళ్తోంది.

సగంలో ఆగింది.

ఆ చెయ్యి బల్ల మీదుగా, గాలిలో, ఎవరిదో అయినట్టు ఉంది. తరువాత వెనక్కి వచ్చింది. ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు. చలికి ముడుచుకున్నట్టు.



కాఫీ మీద మీగడ కట్టింది. లలితాంబ గారు పళ్ళేలు తీసుకుని, చప్పుడు కాకుండా వెళ్ళారు. గోడ మీద ఎండ ఒక ఇటుక కిందికి దిగింది. వీధిలో ఎవరో ఎవరినో పిలిచారు. పలికారు. వెళ్ళిపోయారు.

గాజులో వెలుగు మారింది. ముందు అడుగున. తరువాత పైకి. కొంచెం పాలు కలిపినట్టు.

"ఇప్పుడు చూడండి" అంది.

సార్ నాళికను రెండు వేళ్ళతో తీశారు. ఊపలేదు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, తలకిందులు చేశారు.

పడలేదు.

అలాగే పట్టుకున్నారు. మూతి కిందికి. లోపలిది పైన. పడలేదు.

"వేసవిలో?"

"విడిపోద్దండి."

"చల్లబడితే?"

"మళ్ళీ."

"ఎన్నిసార్లు?"

"నేను విసిగిపోయానండి. అది విసగలేదు."

ఆయన నాళికను నిటారుగా తిప్పి గ్లాసులో పెట్టారు. పెట్టేటప్పుడు గాజు ఇత్తడికి తగలకుండా వేలు అడ్డం పెట్టారు.

రిబ్కా సంచిలోంచి ఆఖరి అధ్యాయం తీసి బల్ల మీద పెట్టింది. పెన్సిలు గీత ఈ మూల నుంచి ఆ మూలకు. చెరపలేదు. కింద సంతకానికి వదిలిన చోటు.

ఆయన కాగితాల వంక చూడలేదు. నాళిక వంకే చూస్తున్నారు.

"ఉంచి వెళ్ళమ్మా."

"అధ్యాయమాండి?"

"అదీ. ఇదీ." గడ్డంతో నాళికను చూపించారు. "నువ్వు లేనప్పుడు కూడా నిలబడుతుందో లేదో చూడాలి కదా."

న్యాయమైన మాటే. ఎవరు చేసినా రావాలి, ఎక్కడ పెట్టినా రావాలి. ఆమెకు ఆ మాట నేర్పింది కూడా ఆయనే.

"అట్లాగే సార్" అంది.

ఎంతసేపు ఆగాలో ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

*

సాయంత్రం రేపల్లె బండి. రేపు ఆదివారం, సొంతూరికి, అమ్మ దగ్గరికి.

వేమూరు దాటేసరికి పొద్దు వాలింది. కోతలైన చేలు. కుప్పల నీడలు పొడుగ్గా సాగి, ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఇంట్లో అమ్మ ఒక్కటే అడుగుతుంది — సంతకం పెట్టారా? అని. పెట్టలేదు అనవచ్చు. పెట్టనన్నారు అనడానికి లేదు. రెండింటికీ మధ్య ఏమంటారో ఆమెకు మాట దొరకలేదు.

ఖాళీ టిఫిన్ డబ్బా ఒళ్ళో ఉంది. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకోవచ్చు.

ఆయన చెయ్యి ఊరుకోదు.

సాయంత్రం కాఫీ తాగుతూ తీస్తారు. ఊపుతారు. అది జారుతుంది. ఇంతేనా అనుకుని పక్కన పడేస్తే... ఇంతే. పడేయకుండా గ్లాసులో పెట్టి, చేతులు చంకల్లో పెట్టుకుని, గోడ వంక చూస్తూ కూర్చుంటే... మళ్ళీ నిలుస్తుంది. ఎన్నిసార్లు ఊపినా నిలుస్తుంది. దాని సంగతి ఆమెకు తెలుసు.

ఆయన సంగతి తెలియదు.

భట్టిప్రోలులో చాలామంది దిగారు. బెంచీలు ఖాళీ అయ్యాయి. తలుపులోంచి చల్లగాలి వచ్చింది. మిగిలినవాళ్ళు, ఎవరూ ఎవరికీ చెప్పకుండా, కొంచెం కొంచెంగా ఇటు జరిగారు.

రిబ్కా చెయ్యి కిటికీ బయట పెట్టింది. గాలిని చూసింది.

తెనాలిలో కూడా ఇప్పుడు చల్లబడుతూ ఉంటుంది.