రంపం ఆగిన మధ్యాహ్నం

రంపం మోత చెవులకన్నా ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. నేలలోంచి పాకి, మోకాళ్ళు దాటి, పళ్ళలోకి వస్తుంది. ఆ వెనకే కోసిన చెక్క వాసన — కాస్త తీపి, కాస్త ఘాటు.

ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు.

అందుకే ఆమెకు ఆ పనిశాల నచ్చింది.

చిన్నప్పటినుంచీ నోట్లో నాలుక లేని మనిషి. బడిలో హాజరు పలకమంటే చెయ్యెత్తి ఊరుకునేది. బల్లలూ కుర్చీలూ చెయ్యడం నేర్చుకుందామని ఇక్కడ చేరాక, తోటివాళ్ళు 'గుసగుస' అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళను తప్పుపట్టలేం... అంతకన్నా అతికే పేరు ఇంకెవరికీ తోచదు.

ఈ శుక్రవారంతో మాస్టారు పని మానేస్తున్నారు. ముప్పై ఏళ్ళు ఆ రంపం పక్కనే నిలబడి పని నేర్పిన మనిషి.

అక్కడొక ఆనవాయితీ ఉంది. ఎవరు వెళ్ళిపోతున్నా, అందరికన్నా ఆఖరున చేరినవాళ్ళు ఆఖరి మాట చెప్పాలి.

ఆఖరున చేరింది ఆమే.

చెప్పడానికి ఏమీ లేక కాదు భయం. ఉంది గనకనే.

చేరిన వారంలోనే, పెద్ద భోజనాల బల్లకని ఏరి ఉంచిన చెక్క పలకను ఆమె జానెడు పొట్టిగా కోసేసింది. మాస్టారు వచ్చి చూశారు. కోత అంచును వేలితో తడిమారు. ఒక్క మాట అనలేదు. ఇంకో పలక తెచ్చి ఆమె ముందు పెట్టారు.

ఎందుకు?

ఏడాదిగా ఆమెను తొలుస్తున్నది అదే. ఎందుకు పంపెయ్యలేదు? పోనీ, తిట్టనైనా ఎందుకు తిట్టలేదు? ఈ శుక్రవారం అడక్కపోతే ఇక ఎప్పటికీ తెలియదు.

వారం రోజులు సాధన చేసింది. ఇంట్లో కాదు. ఇంట్లో అక్క వింటుంది, విన్నాక నవ్వుతుంది, నవ్వాక వీధంతా చెబుతుంది.

రంపం పక్కన చేసింది.

చెక్కను ముందుకు తోస్తూ, పెదాలు కదిలిస్తూ... మొదటి రోజు తన మాట తనకే వినబడలేదు. రెండో రోజు కాస్త పెంచింది. మూడో రోజు ఇంకాస్త. ఐదో రోజుకు — మోత మీదుగా, తేలుతూ, ఎవరిదో గొంతు.

ఇదా నా గొంతు?

కొంచెం బొంగురు. ఫరవాలేదు, బాగానే ఉంది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో! కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు, మళ్ళీ మళ్ళీ పలికి విన్నది.

శుక్రవారం మధ్యాహ్నం రంపం ఆపేశారు.

పొట్టు ఊడ్చారు. బల్లలు గోడవారకు జరిపారు. ఒకరి తరవాత ఒకరు లేచి, తగ్గు స్వరంతో, మర్యాదగా మాట్లాడారు. మాస్టారు ప్రతి ఒక్కరికీ తలాడించారు.

ఆమె వంతు వచ్చింది.

చేతుల్లో చెక్క లేదు, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళు మూసుకుంది. రంపం తిరుగుతోందనుకుంది. నోరు తెరిచింది —

"మాస్టారూ! మీకు! నమస్కారం!"

కిటికీ అద్దాలు అదిరాయి. ముందు వరసలో ఎవరి టీయో ఒలికింది. పాపం, మోత మీదుగా అరవడమే నేర్చిన గొంతు... మోత లేదని దానికెవరు చెప్పాలి?

గది గదంతా నవ్వింది. ఆమె చెవులు వేడెక్కాయి. కూలబడిపోదామనుకుంది.

కానీ మాస్టారు నవ్వడం లేదు. ముందుకు వంగి, కళ్ళు చిన్నవి చేసుకుని, ఆమెనే చూస్తున్నారు. ఇందాకటినుంచీ ఎవరు మాట్లాడినా ఆయన అలా వంగలేదు.

ఎందుకలా?

సిగ్గు ఉంది. ఆ తెలుసుకోవాలన్న దురద దానికన్నా వెంట్రుకవాసి ఎక్కువైంది. అంతే. అదే గొంతుతో కానిచ్చింది.

"వచ్చిన వారంలోనే పెద్ద పలక పాడుచేశాను! మీరు ఇంకోటి ఇచ్చారు! అందుకే ఇవాళ ఇక్కడున్నాను! ఆ రోజు నన్నెందుకు పంపెయ్యలేదు మాస్టారూ?"

నవ్వులు ఆగిపోయాయి.

మాస్టారు లేచి, దగ్గరికి వచ్చారు.

"చెవులు సరిగ్గా పనిచెయ్యక చాన్నాళ్ళయిందమ్మా. రంపం తినేసింది. ఎవరికీ చెప్పలేదు. ఇందాకట్నుంచీ వాళ్ళ పెదాలు చూసి తలాడిస్తున్నా. నాకు వినబడింది నీ మాటే. ప్రతి ముక్కా వినబడింది."

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియలేదు.

"కానీ..." మాస్టారు తల గోక్కున్నారు. "ఏ పలకమ్మా?"

నిజంగానే మరిచిపోయారా? ఏడాదిపాటు ఆమె మోసుకు తిరిగిన పలక, ఆయనకు గుర్తే లేదా? లేక ఇంతమంది ముందు ఆమె తప్పును కప్పుతున్నారా?

ఆ ముఖంలో వెతికింది. ముడతలు, కనుబొమల్లో చిక్కుకున్న పొట్టు, ఎదురుచూపు... అంతకు మించి ఏమీ దొరకలేదు.

అందరూ చూస్తున్నారు.

ఆమె మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఈసారి కళ్ళు తెరిచి, ఇంకాస్త గట్టిగా.