మోకాల్లోతు నీళ్లలో పరుగు

ఒమాన్‌లోని సహం సముద్రపు ఒడ్డున శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక కుస్తీలు జరుగుతాయి. పట్టేవాళ్లంతా సైటు కూలీలు, డ్రైవర్లు, కొట్లలో పనివాళ్లు. ఎవరికి ఎవరు జోడో తేల్చేది కోరుట్ల ఖమరుద్దీన్. పోయిన డిసెంబరులో షట్టరింగ్ పనిచేసే భూమేశ్, కడప అక్బర్‌తో పట్టాడు. వెన్ను నేలకు తగల్లేదు గానీ నాలుగో నిమిషంలో ఊపిరందక తనే చెయ్యెత్తేశాడు. పడి ఓడినవాడికి మళ్లీ జోడు దొరుకుతుంది. దమ్ము తప్పి చెయ్యెత్తినవాడికి దొరకదు. అక్కడి కట్టు అది.

"నువ్వు ఇసుక సాపు చెయ్యి భూమేశ్. కుస్తీ నీతోని కాదు," అన్నాడు ఖమరుద్దీన్.

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టు మండింది. తప్పెక్కడుందో భూమేశ్‌కు తెలుసు. పరిగెత్తితే కండ కరుగుతుందని ఊళ్లో కుస్తీ నేర్పిన తాలీం పెద్దలు చెప్పారు. దండీలు, బస్కీలు చాలన్నారు. అవైనా తనకు జోడు కుదిరిన నెలే తీసేవాడు, మిగతా పదకొండు నెలలు తిని పడుకునేవాడు. పెద్దల మీద గౌరవం ఉండొచ్చు, ఆగిపోయిన ఊపిరి మాత్రం తనది.

అయితే తీరికేదీ? తెల్లారి నాలుగింటికే కంపెనీ బస్సు. సాయంత్రం వంట, బట్టలు, ఇంటి దగ్గర భార్య యాదవ్వతో ఫోను. అందుకని రోజులోంచే సమయం దొంగిలించాడు. తిరుగు బస్సును రూముకు రెండు కిలోమీటర్ల ముందే ఆపించి, వారానికి నాలుగు రోజులు సేఫ్టీ బూట్లతోనే ఉరికాడు. ఒక నిమిషం ప్రాణం పోయేలా ఉరకడం, ఒక నిమిషం నడవడం. కుస్తీలో ఊపిరి అలాగే ఖర్చవుతుందని అతని నమ్మకం.

"ఏం భూమేశూ, ఎన్కనుంచి కుక్కలు పడ్డయా?" అని డ్రైవర్ సమీయుల్లా అరిచేవాడు.

"పడ్డా నన్నందుకోలేవు తియ్."

జూన్ వచ్చింది, రోడ్డు పెనంలా కాలింది. ఇక మానేస్తాడులే అనుకున్నారందరూ. అతను మానలేదు, చోటు మార్చాడు. పొద్దుగూకే వేళ సముద్రంలో మోకాల్లోతు నీళ్లలో ఉరికాడు. మొదటి వారం అయిదు నిమిషాలకే బోర్లా పడి ఉప్పునీళ్లు మింగాడు. ఆగస్టుకల్లా ఇరవై నిమిషాలు లాగాడు. డ్యూటీ ఒళ్లు విరగ్గొట్టిన రోజున పదే. ఆ పదీ వదల్లేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్నారా?

నవంబరు చివరి శుక్రవారం భూమేశ్ ఇసుక సాపు చేసి, పార అవతల పెట్టి, చొక్కా విప్పి బరి మధ్యకు నడిచాడు. అక్బర్ ఎదుట తొడగొట్టాడు.

"నీకు జోడు లేదని చెప్పిన గద," అన్నాడు ఖమరుద్దీన్.

"తొడగొట్టినోనికి జోడియ్యకపోతే ఇది అఖాడా ఎట్లయితది ఉస్తాద్?"

"రానీలే ఉస్తాద్, నాలుగు నిమిషాల పనే గదా," అని నవ్వాడు అక్బర్.

నాలుగు నిమిషాలు దాటాయి. ఏడూ దాటాయి. అక్బర్ బరువంతా మెడ మీద వేసి నలిపాడు. భూమేశ్‌కు భయం వేసింది, కానీ ఊపిరి వస్తూనే ఉంది. తొమ్మిదో నిమిషంలో ఖమరుద్దీన్ మధ్యలోకి వచ్చి ఇద్దరి మణికట్లూ పట్టుకున్నాడు.

"మగ్రిబ్ నమాజు దగ్గరవడ్డది. బరాబర్. ఇద్దరు సమానం."

జనం చప్పట్లు కొట్టారు. ఇసుక సాపు చేసేవాడికి ఇదే ఎక్కువ అన్నట్టుంది ఖమరుద్దీన్ ముఖం. భూమేశ్ చెయ్యి లాగేసుకున్నాడు.

"బరాబర్ నాకొద్దు. నా దమ్ము ఇంకా ఒడ్వలే. అజాన్‌కింక టైముంది, పట్టనియ్యి."

అక్బర్ మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగిపోయి ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నా చేత కాదు ఉస్తాద్. ఆ యన్న చెయ్యే ఎత్తు."

ఖమరుద్దీన్ మళ్లీ భూమేశ్ మణికట్టు అందుకోబోయాడు. భూమేశ్ ఇవ్వలేదు.

"చెయ్యి తర్వాత ఎత్తుదువు గని ఉస్తాద్. వచ్చే శుక్రారం నా జోడు ఎవలో ముందుగాల చెప్పు."