వెంకటసుబ్బమ్మ బోసి చెయ్యి

వెంకటసుబ్బమ్మ కంట్లో శుక్లం ముదిరింది. హోసూరు కంటి డాక్టరు దగ్గరికి ఆపరేషనుకని మూడుసార్లు వెళితే మూడుసార్లూ బీపీ నూటతొంభై! దిగితేగానీ కత్తి పట్టనన్నాడాయన. మాత్రలు మింగీ మింగీ నోరు చేదెక్కిందే తప్ప అంకె దిగి చావలేదు. కోడలు ప్రవీణకు నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డ మొహం మసకమసగ్గా చూడాలా అని ఆవిడ ఏడుపు.

ప్రవీణ ఫ్యాక్టరీలో హెచ్చార్. అక్కడెవరో క్లాసు చెప్పారట.

"ప్రేమగా తాకితే ఆక్సిటోసిన్ అని హార్మోను ఊరుతాదంట అత్తా. స్ట్రెస్ తగ్గుతాదంట. ఇట్లా రా, కౌగిలించుకుంటాను."

"ఈ ఎండల్లో చెమట ఊరుతాది గానీ హార్మోను యాడ ఊరుతాదే? పో, పోయి పాలు తాగు!"

వెంకటసుబ్బమ్మ భర్త పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఆవిడ చెయ్యి పట్టుకున్నది బీపీ చూసే నర్సు ఒక్కతే. అయ్యో పాపం అనేవాళ్లకు కొదవ లేదు, మూరెడు దూరంలో నిలబడి అంటారు.

సీమంతం రోజు పొద్దున్నే ఆడబిడ్డ రామలక్ష్మమ్మ హుకుం జారీ చేసింది.

"గాజులు తొడిగేటప్పుడు నువ్వు ఎదురు రావద్దు సుబ్బమ్మా."

"నేనేమన్నా డెంకణికోట అడవి ఏనుగునా వదినా, ఎదురొస్తే చేను పాడైపోయేదానికి?" అని సణిగి, వంటింట్లో కూర్చుంది.

ఏడాదిగా ఈ వైపు రాని గాజుల వీరప్ప వచ్చాడు. ఆయన చూపూ అంతంతమాత్రమే. మనిషిని చేతిని బట్టి గుర్తుపట్టే రకం. ప్రవీణకూ పేరంటాళ్లకూ తొడిగి, దాహమేసి వంటింటి గడప దగ్గరికొచ్చాడు. వెంకటసుబ్బమ్మ చెంబు అందించింది. చెంబు పక్కన పెట్టి ఆ చెయ్యే పట్టుకున్నాడు.

"ఇది మన సుబ్బమ్మ చెయ్యి గదా! ఇట్లా బోసిగా పెట్టుకున్నావేమమ్మా?"

నలభై ఏళ్లుగా చేస్తున్నట్టే వేళ్ల కణుపులు మెల్లగా నొక్కి, బొటనవేలి మొదలు సవరించి, పచ్చగాజులు ఎక్కించాడు. చెయ్యి లాక్కోవాలి. లాక్కోలేదు, లాక్కోవాలనిపించలేదు. భుజం వదులైంది. అప్పట్లో పరామర్శకు వచ్చినవాళ్లకు కాఫీలిచ్చే హడావిడిలో మొగుడి కోసం ఏడవనే లేదు మహాతల్లి. ఇప్పుడు బావురుమంది.

రామలక్ష్మమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో! ఆమె మొగుడు పోయినాడప్పా!"

వీరప్ప గబగబా గాజులు తియ్యబోయాడు.

"గాజులు తీస్తే తియ్యప్పా, చెయ్యి మాత్రం ఇంకొంచేపు ఇడవద్దు," అంది వెంకటసుబ్బమ్మ ముక్కు చీదుతూ.

"సిగ్గులేదా సుబ్బమ్మా?"

"ఎనిమిది నెల్లు సిగ్గుతోనే ఉన్నాను గదా వదినా. ఏమొచ్చె? బీపీ వచ్చె!"

ప్రవీణ కడుపు పట్టుకుని వచ్చి అత్త పక్కన చతికిలపడింది. ఆ రెండో చెయ్యి అందుకుంది. ఆ రోజు నుంచి దీపాలు పెట్టే వేళకు అత్తాకోడళ్లు అలాగే కూర్చునేవారు.

పదిరోజుల తర్వాత బీపీ నూటనలభై. డాక్టరు మురిసిపోయాడు.

"చూసినారా, మందు పనిచేసింది! కోడలుగారు బయట కూర్చోవచ్చు."

"ఆమె యాడికీ పోదు నాయనా," అంది వెంకటసుబ్బమ్మ ఆపరేషను బల్ల మీద పడుకునే. "కన్ను నువ్వు చూసుకో. చెయ్యి ఆమె చూసుకుంటాది."