ఎర్ర క్లిప్పు

మా ఇంటి వెనక గదిలో రెండు బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి నాది, ఒకటి మా ఆయనది. మా ఆయన బస్సు డ్రైవరు. రోజంతా స్టీరింగు తిప్పి ఇంటికొచ్చి, విరిగిన కుర్చీ కాళ్లకీ ఊడిన సొరుగులకీ జిగురు పెడుతూ కూర్చుంటేగానీ ఆయనకి అలసట తీరదు. నేను మందుల షాపులో పని చేస్తాను. సెలవు రోజున అట్టలూడిన పాత పుస్తకాలు తెచ్చుకుని, కుట్టి, కొత్త అట్టలు వేస్తాను. ఇద్దరి పనికీ క్లాంపులు కావాలి. అతికించినవి ఆరేదాకా వాటిని బిగించి పట్టుకునే ఇనప సామాను అది. ఇంట్లో ఉన్నవి నాలుగే. పెళ్లయిన కొత్తలో మేము పోట్లాడుకున్నది పుట్టింటి గురించీ అత్తింటి గురించీ కాదు, ఈ నాలుగింటి గురించే.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. బిగించిన క్లాంపు మీద ఎర్ర బట్టల క్లిప్పు పెట్టి ఉంటే రెండోవాళ్లు దాని జోలికి పోకూడదు. క్లిప్పు లేదంటే పని అయిపోయినట్టే, విప్పి తీసుకోవచ్చు. అప్పట్నుంచి మా మధ్య గొడవ లేదు. "మీ ఇద్దరి కాపురం బట్టల క్లిప్పు మీద నిలబడింది" అని మామగారు ఎగతాళి చేస్తుంటారు.

ఆ రోజు పొద్దున బల్ల మీద క్లాంపులు బిగించి ఉన్నది ఆ మామగారి గిటారుకే.

మామగారు రేవులో క్రేను నడిపి రిటైరయ్యారు. మా పేటలో 'పాత సామాను' అని ఒక బ్యాండు ఉంది. సెలూన్ ఆయన డ్రమ్స్ కొడతాడు, లెక్కల మాస్టారు కీబోర్డు వాయిస్తాడు, దర్జీది ఒక గిటారు, మామగారిది ఇంకో గిటారు, ఆస్పత్రి నర్సు పాడుతుంది. అందరి వాద్యాల శ్రుతీ చూసేది మామగారే. మాస్టారు శ్రుతి చూపించే చిన్న డబ్బా ఒకటి కొన్నాడు గానీ, మామగారు దాన్ని బయటికి తీయనివ్వలేదు. "నా చెవులుండగా బ్యాటరీలెందుకయ్యా" అనేవారు.

అలాంటి మనిషి పోయిన ప్రాక్టీసులో పదేపదే అపస్వరం పలికారు. సరిచేసుకున్న కాసేపటికే మళ్లీ శ్రుతి దిగిపోయేదట. మాస్టారు ఒక్క మాట అనకుండా ఆ డబ్బా తీసి ఆయన ముందు పెట్టాడట. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. "శనివారం పేట హాల్లో వాయిస్తాం కదా, అప్పుడు కూడా ఇలాగే అయితే గిటారు అటక మీద పెట్టేస్తా. చెవి పోయినవాడు పదిమందిలో వాయించకూడదు" అన్నారు.

మా ఆయన గిటారు తీసుకుని చూశాడు. తీగల కింది కొసల్ని పట్టి ఉంచే చెక్కముక్క ఉంటుంది, బ్రిడ్జి అంటారు దాన్ని. అది ఒక పక్క లేచింది. "నాన్నా, చెవి కాదు, ఇదీ సంగతి" అని చూపించాడు. మామగారు చూడను కూడా చూడలేదు.

"నీ చిన్నప్పుడు మందు తియ్యగా ఉంటుందని నేనూ ఇలాగే చెప్పేవాణ్ణిరా" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "వీడు మెత్తగా అబద్ధం చెబుతాడు. నువ్వైతే నిజం చెప్పి నెత్తిన మొట్టేదానివి" అన్నారు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ వారమే మా ఇంటి ముందుగదిలో గోడ గడియారం ఆయన గదిలోకి చేరింది. ఎందుకని అడిగితే టైము చూసుకోవడానికన్నారు. చేతికి వాచీ ఉండగా! సణిగి ఊరుకున్నాను.

సరే, శుక్రవారం రాత్రి మా ఆయన బ్రిడ్జికి జిగురు పెట్టి, రెండు క్లాంపులు బిగించి, తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను బట్టలు ఉతికాను. బయట విపరీతమైన గాలి. సగం బట్టలకి క్లిప్పులు చాలలేదు. దిండు గలీబు ఎగిరి పక్కింటి గోడ మీద పడింది. లోపలికి పరుగెత్తి, చేతికందిన క్లిప్పులు అందుకుని మళ్లీ బయటికి పరుగెత్తాను. ఏ క్లిప్పు ఎక్కడ నుంచి లాగానో చూసుకుంటే ఈ కథే లేదు.

తర్వాత టీ తాగి తీరిగ్గా నా బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కింటివాళ్ల పాత అట్లాసు కుట్టడం అయింది, ఇక నాలుగు క్లాంపులతో బిగించాలి. గిటారు మీద ఎర్ర క్లిప్పు లేదు. రెండు క్లాంపులూ విప్పి నా అట్లాసుకి పెట్టుకున్నాను. బ్రిడ్జిని వేలితో తట్టి చూశాను కూడా. గట్టిగానే ఉంది. మా ఆయన పనితనాన్ని మనసులో మెచ్చుకున్నాను.

కాసేపటికి మామగారు వచ్చారు. క్లాంపులు లేని గిటారు చూసి, తీసుకుని గదిలోకి వెళ్లారు. కొత్త తీగలు ఎక్కిస్తున్న చప్పుడు, బిగిస్తున్న చప్పుడు, సన్నగా పాట. నేను అట్టకి గుడ్డ కత్తిరిస్తూ ఆ పాట వెంట కూనిరాగం తీశాను. అంత హాయిగా చాలా రోజులుగా లేను.

మధ్యాహ్నం మా ఆయన డిపో నుంచి ఫోన్ చేశాడు.

"నాన్నకి చెప్పు, నేను వచ్చేదాకా గిటారు ముట్టుకోవద్దని. ఆ జిగురు సాయంత్రానికి గానీ గట్టిపడదు. డ్యూటీ దిగి నేనొచ్చి తీగలు వేస్తా."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "క్లిప్పు పెట్టారా?" అని అడిగాను.

"పెట్టా కదా, పై క్లాంపుకి. ఎర్రది. కనపళ్లేదా?"

కిటికీలోంచి చూశాను. తాడు మీద దిండు గలీబు రెపరెపలాడుతోంది. దాని మూల ఎర్రగా క్లిప్పు.

"కనపడింది" అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఫోన్ పెట్టేసి మామగారి గదికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా కుర్చీకి తగిలించి, గిటారు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే, "అమ్మాయ్, రా, విను. ఎక్కడైనా తేడాగా ఉందా? ఉన్నదున్నట్టు చెప్పు" అని వాయించారు. ఆయన కళ్లు తీగల మీద లేవు, నా మొహం మీద ఉన్నాయి. పరీక్ష రాసిన పిల్లవాడు మాస్టారి మొహం చూస్తాడే, అలా.

"బాగుంది మామయ్యా. తేడా ఏం లేదు."

"నిజంగా?"

"నిజంగానే." ఆ నిమిషానికి అది నిజమే.

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. నేను గది బయటికొచ్చి గోడకి ఆనుకున్నాను. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? తీగలు విప్పాలి, మళ్లీ బిగించాలి, ఇవాళ్టి కచేరీ పోతుంది. కొడుకూ కోడలూ కలిసి తన పరువు కాపాడటానికి ఆడిన నాటకమనుకుంటారు. ఇలా నాకు నేను వంద చెప్పుకున్నాను. అసలు కారణం ఇంకోటుంది. తప్పు నాదని నోరు తెరిచి చెప్పడం నాకు చేతకాదు. చిన్నప్పట్నుంచీ అంతే.

జిగురు కొన్న హార్డ్‌వేర్ షాపుకి ఫోన్ చేశాను.

"ఒక రోజంతా ఉంచాలని డబ్బా మీదే రాసుంది కదమ్మా" అన్నాడు షాపాయన.

"ముందే విప్పేస్తే?"

"కొందరికి ఆగుతుంది, కొందరికి ఆగదు."

"ఎవరికి ఆగుతుంది?"

"తొందరపడని వాళ్లకి."

ఆయన నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది. తాడు మీది ఎర్ర క్లిప్పు తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఎందుకో తెలీదు, అది అందరికీ కనిపిస్తూ అక్కడ ఉండటం భరించలేకపోయాను. తర్వాత అట్ట వేయబోతే తలకిందులుగా అతుక్కుంది. సాయంత్రం దాకా కుడితిలో పడ్డ ఎలుకలా ఆ గదికీ ఈ గదికీ తిరిగాను. మామగారి గదిలోంచి పాట వినిపిస్తే శ్రుతి దిగిందేమోనని గుండె ఆగేది. వినిపించకపోతే బ్రిడ్జి ఊడిందేమోనని గుండె ఆగేది.

సాయంత్రం ఇద్దరం నడిచే బయల్దేరాం. హాలు మార్కెట్ పక్కనే. గిటారు నేను పట్టుకుంటానన్నాను. దారిలో ఉండబట్టలేక, "తీగలు కాస్త వదులు చేస్తే మంచిదేమో మామయ్యా, అక్కడికెళ్లాక బిగించుకోవచ్చు" అన్నాను.

మామగారు ఆగి నన్ను ఎగాదిగా చూశారు. "నీకు గిటారు మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. గిటారు పట్టుకుని గబగబా ముందుకి నడిచాను.

హాలు దాదాపు నిండింది. అంతా తెలిసినవాళ్లే. సెలూన్‌లో జుట్టు కత్తిరించుకునేవాళ్లు, దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు, లెక్కల మాస్టారి చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్లు. నేను ముందు వరసలో, బ్రిడ్జి కనిపించే చోట కూర్చున్నాను. మొదటి పాట బాగా సాగింది. రెండోదీ సాగింది. డ్యూటీ ఆలస్యమై మా ఆయన యూనిఫాంలోనే వచ్చి పక్కన కూలబడి, "తీగలు ఎవరు వేశారు? నాన్నేనా? నేను వచ్చేదాకా ఆగమన్నానే!" అన్నాడు.

చెవిలో మొత్తం చెప్పేశాను. మా ఆయన మొహంలో రంగు పోయింది.

"ఇప్పుడేం మాట్లాడకు. నేను చూపించినా నమ్మని మనిషి. ఊరికే అల్లరవుతాం. ఆగుతుందేమో చూద్దాం."

ఆగలేదు. మూడో పాట మధ్యలో ఒక తీగ శ్రుతి దిగింది. సంగీతం రాని నాకే తెలిసింది. మామగారు వాయిస్తూనే చెయ్యి చాచి తీగ బిగించారు. రెండు వరసలు పాడేసరికి మళ్లీ దిగింది. మళ్లీ బిగించారు. ఆయన బిగించినకొద్దీ లాగుడు ఎక్కువై చెక్క ఇంకా లేస్తుందని ఆయనకి తెలీదు. నాకు తెలుసు. మాస్టారు డ్రమ్స్ వైపు చూశాడు. డ్రమ్స్ ఆయన నేల వైపు చూశాడు. మాస్టారి చెయ్యి మెల్లగా జేబులోకి, ఆ డబ్బా కోసం, వెళ్లింది.

మామగారు అది చూశారు. వాయించడం ఆపేశారు. అరచేత్తో ఒకసారి చెవి మూసి తీశారు, మళ్లీ మూసి తీశారు. తర్వాత భుజం మీది పట్టీ తీసి, నర్సు ముందున్న మైకు దగ్గరికి వచ్చారు.

"క్షమించాలి" అన్నారు. "వాద్యంలో లోపం లేదు. నా చెవే ఇక..."

మధ్యాహ్నం ఒక్క మాట చెప్పి ఉంటే గోటితో పోయేది. ఇప్పుడు గొడ్డలి దాకా వచ్చింది. నేను ఎప్పుడు లేచానో నాకే తెలీదు.

"ఆగండి మామయ్యా! మీ చెవికేం కాలేదు. తప్పు నాది."

హాలంతా నావైపు తిరిగింది. బ్యాగులోంచి ఎర్ర క్లిప్పు తీసి పైకి చూపించాను.

"ఇది క్లాంపు మీద ఉండాల్సింది. నేను తీసి దిండు గలీబుకి పెట్టాను. జిగురు ఆరకముందే క్లాంపులు విప్పేశాను. మధ్యాహ్నమే తెలిసింది, మీకు చెప్పలేదు. కావాలంటే బ్రిడ్జి కింద చూడండి, లేచి ఉంటుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మామగారు ముందు కొడుకు వైపు చూశారు. మా ఆయన తల ఊపాడు. అది ఆయనకి చాల్లేదు. నావైపు చూశారు, చాలాసేపు. తర్వాత తీగలు మీటే చిన్న పలకని బ్రిడ్జి కిందికి పోనిచ్చి చూశారు. సగం పైగా లోపలికి దూరింది.

ఆయన దాన్ని అలాగే ఉంచి మైకు దగ్గరికి వంగారు.

"ఈవిడ మా కోడలు. మా ఇంటికొచ్చినప్పట్నుంచీ ఒక్కసారైనా తప్పు నాదే అనడం నేను వినలేదు. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధం చెప్పే రకం కాదు." ఆగారు. "అయితే నా చెవి బాగానే ఉన్నట్టే."

హాలు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. దర్జీ వైపు తిరిగి, "నీ పై తీగ రవ్వంత ఎక్కింది చూసుకో. ఇందాకట్నుంచీ నాదే తేడా ఏమోనని చెప్పలేదు" అన్నారు. మాస్టారు ఇంకేం ఆలోచించకుండా డబ్బా తీసి దర్జీ గిటారు దగ్గర పెట్టాడు. చూశాడు. తల పైకెత్తకుండానే, "నిజమే" అన్నాడు.

దర్జీ తీగ సరిచేసి తన గిటారు మామగారి చేతికిచ్చి, తను చప్పట్లతో తాళం వేశాడు. మిగిలిన పాటలు ఎలా ఉన్నాయని నన్నడక్కండి. నేను వాటిని సరిగా వినలేదు. మా ఆయన రుమాలు తడిపేస్తూ కూర్చున్నాను.

ఇంటికి వస్తూ దారంతా మామగారు గిటారు తన చేత్తోనే పట్టుకున్నారు. తిడతారని ఎదురుచూశాను, తిడితే బాగుండుననుకున్నాను. ఇంట్లోకి రాగానే తన గదిలోకి వెళ్లి, గోడ గడియారం తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"దీన్ని మళ్లీ తగిలించమ్మా. ఇంక నాకు అక్కర్లేదు."

"టైముకని తీసుకెళ్లారుగా మామయ్యా?"

"టైముకెందుకు, వాచీ ఉందిగా." చొక్కా గుండీ విప్పుకుంటూ, నావైపు చూడకుండా అన్నారు. "రోజూ పడుకునే ముందు దీన్ని గది ఆ చివర పెట్టి వినేవాణ్ణి, ఇంకా వినపడుతోందా లేదా అని. వినపడేది. అయినా నమ్మకం కుదిరేది కాదు."

వారం రోజులు ఆ చీకట్లో ఒక్కరే కూర్చుని విన్న మనిషి మీద, గడియారం కోసం సణిగాను. స్టూలెక్కి దాన్ని మేకుకి తగిలించాను. కళ్లు నిండి సరిగా కనిపించక ఒక పక్కకి ఒరిగింది.

"కుడిపక్క కాస్త దించు" అన్నారు మామగారు కింద నుంచి. "కళ్లు కూడా బాగానే ఉన్నాయి నాకు."